‘పాలు చాలలేదు’ అని రాసేముందు

మా పాప పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. చివరి పేజీలో మందుల పట్టిక కింద పెన్నుతో ఒక వాక్యం రాసి ఉంటుంది: ‘తల్లికి పాలు చాలలేదు, డబ్బాపాలు కొనసాగించాలి.’ అప్పటికి పాప వయసు మూడు రోజులు. ఆ వాక్యం నాకు కోర్టు తీర్పులా అనిపించింది. చూడటానికి వచ్చినవాళ్లు అడగకముందే ‘నాకు పాలు పడలేదండి’ అని నేనే చెప్పేసేదాన్ని. ఇంకెవరో అంటే వినడం కంటే నేనే అనేయడం నయమనిపించేది.

నాలుగేళ్ల తర్వాత వేరే ఆసుపత్రిలో బాబు పుట్టాడు. వాడికి ఆరు నెలలు నిండేదాకా నా పాలు తప్ప ఇంకేమీ పట్టలేదు. రెండూ సిజేరియన్లే. రెండో కాన్పుకి పాలు కాస్త త్వరగా పడతాయంటారు, అందులో నిజం ఉంది. కానీ నా రెండు అనుభవాలనీ గంట గంటకీ పక్కపక్కన పెట్టుకుని చూశాక నాకు ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. మొదటిసారి పాలు రాకపోవడానికి కావలసినవన్నీ ఆసుపత్రిలో ఒక పద్ధతి ప్రకారం జరిగాయి. ఎవరూ చెడు చేయాలనుకోలేదు. అక్కడ రోజూ అందరికీ జరిగేదే నాకూ జరిగింది.

అందుకే తల్లిపాల గురించి ఎవరు మాట్లాడినా తల్లులకే నీతులు చెబుతుంటే నాకు బాధగా ఉంటుంది. గోడ మీద నవ్వుతున్న తల్లీబిడ్డల పోస్టర్ ఉంటుంది, కింద ‘తల్లిపాలే శ్రేష్ఠం’ అని ఉంటుంది. అదే గోడకి అవతల పసికందులు వరసగా తొట్టెల్లో పడుకుని సీసాలు తాగుతుంటారు. ఇవ్వాలని తల్లికి ఎలాగూ ఉంటుంది. ఇవ్వగలిగేలా ఆ మూడు రోజులూ గడుస్తున్నాయా లేదా అన్నది ఆసుపత్రి చేతిలో ఉంటుంది.

మొదటిసారి ఏం జరిగిందో చెప్తాను. ఆపరేషన్ టేబుల్ మీద ఉండగా పాప ఏడుపు వినపడింది. తెర మీదుగా ఒక్క క్షణం ముఖం చూపించారు. తర్వాత తుడిచి, తూచి, స్నానం చేయించి నర్సరీకి పంపారు. నా దగ్గరికి తెచ్చేసరికి తొమ్మిది గంటలు గడిచిపోయాయి. తెల్లటి గుడ్డలో బిగించి చుట్టి ఉంది, చేతులు కూడా లోపలే. పెదవి మూల పాలచార ఎండిపోయి కనిపించింది. రొమ్ము దగ్గర పెట్టుకుంటే నోరు తెరవలేదు. ఎందుకు తెరుస్తుంది? కడుపు నిండి గాఢంగా నిద్రపోతోంది. సిస్టర్ రెండు నిమిషాలు చూసి, ‘పట్టడం లేదమ్మా, మళ్లీ నాలుగు గంటలాగి తెస్తాను, మీరు రెస్ట్ తీసుకోండి’ అని తీసుకెళ్లిపోయింది. నాలుగు గంటల తర్వాతా అదే కథ. రాత్రిళ్లు అసలు తేలేదు.

చాలాకాలం తర్వాత ఒకరోజు కూర్చుని లెక్కేశాను. ఆ మూడు రోజుల్లో పాప నా రొమ్ము దగ్గరికి వచ్చింది 11 సార్లు, అందులో సగంసార్లు నిద్రలోనే ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు తాగాలి. అంటే మూడు రోజుల్లో తక్కువలో తక్కువ 24 సార్లు. సగం కూడా జరగని పనికి ఫలితం రాలేదని నా పేరున రాశారు.

ఇది ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే పాలు ఎలా వస్తాయో కాస్త తెలియాలి. కాన్పు అయి మాయ బయటికి వచ్చేయగానే తల్లి ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా దాని అడ్డు వల్ల ఆగిన ప్రొలాక్టిన్, అంటే పాలు తయారుచేయించే హార్మోన్, పని మొదలుపెడుతుంది. రొమ్ములు బరువెక్కి గట్టిపడి మనం ‘పాలు పడ్డాయి’ అనుకునేది మామూలుగా రెండో రోజో మూడో రోజో. సిజేరియన్ అయినవాళ్లలో ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. అంతవరకూ ఉండేది ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, కొద్దికొద్దిగా వస్తాయి. మొదటి రోజు ఒక్కో విడతకి చెంచాడు వస్తే అదే చాలా ఎక్కువ. బిడ్డకి కూడా ఆ రోజు ఒక్కో విడతకి అంతే సరిపోతుంది. ఆ చెంచాడులోనే రోగనిరోధక శక్తినిచ్చేవన్నీ దట్టంగా ఉంటాయి.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మొదటి రోజు రొమ్ము పిండి చూసి చుక్కే వస్తే ‘పాలు లేవు’ అనేస్తారు. ఉండాల్సింది ఆ చుక్కే అని తల్లికి ముందే చెప్పేవాళ్లు ఉండరు. రెండో రాత్రి బిడ్డ ఊరికే ఏడుస్తూ, వదలకుండా రొమ్ము కావాలంటుంది. అది ఆకలితో అల్లాడటంలా కనిపిస్తుంది గానీ చాలామంది ఆరోగ్యంగా ఉన్న బిడ్డలు ఆ రాత్రి అలాగే చేస్తారు. అలా పదే పదే చీకడం వల్లే తల్లి శరీరానికి పాలు తయారు చెయ్యమన్న కబురు అందుతుంది. చీకినప్పుడల్లా ప్రొలాక్టిన్ పెరుగుతుంది, ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్ విడుదలై పాలు చేపుకొస్తాయి. రొమ్ములో పాలు తీయకుండా నిలవ ఉండిపోతే, అవసరం లేదనుకుని శరీరం తయారీ తగ్గించుకుంటుంది. సరిగ్గా ఆ రాత్రే సీసా వస్తే బిడ్డ నిద్రపోతుంది, తల్లి శరీరానికి వెళ్లాల్సిన కబురు ఆగిపోతుంది. పొద్దున పాలు తక్కువ, కాబట్టి మళ్లీ సీసా. డిశ్చార్జ్ అయ్యేసరికి ‘చాలలేదు’ అన్న మాట నిజమైపోతుంది.

కాబట్టి మొదటి గంట నుంచే మొదలుపెట్టాలి. బిడ్డ పుట్టగానే తుడిచి, తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరి మీదా కలిపి దుప్పటి కప్పి వదిలేస్తే చాలు. ఒళ్లు ఒంటికి తగులుతుంటే బిడ్డ శరీరం వెచ్చగా ఉంటుంది, గుండె, ఊపిరి కుదురుకుంటాయి, రక్తంలో చక్కెర పడిపోకుండా ఉంటుంది. కాసేపు మెదలకుండా ఉండి, తర్వాత చేతులు నోట్లో పెట్టుకుని, తల ఎత్తి, మెల్లగా పాకుతూ రొమ్ము వెతుక్కుంటుంది. ఇంత చిన్న ప్రాణికి ఆ దారి ఎవరు చెప్పారా అనిపిస్తుంది చూస్తుంటే. మా బాబు 50 నిమిషాలు తీసుకున్నాడు.

1990లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో స్వీడన్ నుంచి రిగార్డ్, అలాడే అనే ఇద్దరు ఒక పరిశీలన ప్రచురించారు. 72 మంది పసికందులను చూశారు. పుట్టాక గంటకి పైగా తల్లి పొట్ట మీదే వదిలేసిన 38 మందిలో 24 మంది రొమ్ము సరిగ్గా పట్టారు. తూకం వెయ్యడానికని 20 నిమిషాలకే తీసేసి మళ్లీ తెచ్చిన 34 మందిలో 7 మందే సరిగ్గా పట్టారు. ఆ కాసేపు తీయడంతోనే ఇంత తేడా. కాన్పు నొప్పులకి పెథిడిన్ అనే మందు ఇచ్చిన తల్లుల బిడ్డల్లో సగానికి పైగా అసలు చీకనే లేదు. నొప్పి తగ్గించొద్దని నేను అనడం లేదు. ఫలానా మందు ఇచ్చాం కాబట్టి ఈ బిడ్డ కాస్త మగతగా ఉంటుంది, దీనికి ఎక్కువ టైమ్, ఎక్కువ సాయం కావాలి అని వార్డులో ఉన్నవాళ్లకి తెలియాలి, అంతే.

తూకం ఆగుతుంది. విటమిన్ కె ఇంజెక్షన్ ఒక గంట ఆగుతుంది. స్నానమైతే 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. సిజేరియన్ అయినా, తల్లి మెలకువగా, నిలకడగా ఉంటే టేబుల్ మీదే బిడ్డను గుండెల మీద పెట్టవచ్చు. బాబు విషయంలో అలాగే చేశారు. ఒక పక్క కుట్లు వేస్తున్నారు, ఇంకో పక్క వాడు నా మెడ కింద వెచ్చగా ఊపిరి పీలుస్తున్నాడు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ గంటలో తల్లీబిడ్డల పక్కన ఒక మనిషి ఉండాలి. అలసిపోయిన తల్లి మగతలోకి జారుకుంటే బిడ్డ ముక్కు నొక్కుకుపోవచ్చు. అరుదుగానే అయినా, మొదటి గంటల్లో హఠాత్తుగా ఊపిరి ఆగిపోయిన పసికందులు ఉన్నారు. ముక్కు, నోరు తెరుచుకుని ఉన్నాయా, రంగు బావుందా అని చూస్తూ ఉండటం నర్సు పని. గుండెల మీద పెట్టి ఫోటో తీసి అందరూ వెళ్లిపోతే అది సాయం కాదు, ప్రమాదం.

తర్వాత రాత్రులు. నర్సరీకి పంపేటప్పుడు ఎప్పుడూ చెప్పేది ఒకటే: ‘తల్లికి విశ్రాంతి కావాలి.’ వినడానికి ఎంత దయగల మాటో! నేనూ మొదటిసారి కృతజ్ఞతగానే ఒప్పుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్రపోలేదు. వరండాలో ఏ బిడ్డ ఏడ్చినా నాదే అనుకుని లేచి కూర్చున్నాను. బిడ్డ దూరంగా ఉన్న తల్లులు పక్కనే ఉన్న తల్లుల కంటే ఎక్కువేమీ నిద్రపోరని పరిశీలనల్లోనూ తేలింది. బిడ్డ పక్కనే ఉంటే ఏడుపుదాకా రానక్కర్లేదు. పెదవులు చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పడం, పిడికిలి నోటికి తెచ్చుకోవడం, ఇవే ఆకలి గుర్తులు. ఏడుపు వాటన్నిటి తర్వాత వస్తుంది. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డకు రొమ్ము పట్టించడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకి తెలుసు.

అయితే బిడ్డను పక్కన పడేసి తలుపు వేసుకుని వెళ్లిపోవడాన్ని ‘తల్లీబిడ్డలను కలిపి ఉంచడం’ అనుకునే ఆసుపత్రులూ ఉన్నాయి. కడుపు కోసిన మనిషి పక్కకి తిరగడానికే పది నిమిషాలు పడుతుంది. ఆవిడ ఒంటరిగా రాత్రంతా బిడ్డను ఎలా చూసుకుంటుంది? రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు చేతిలో వార్డంతా పెడితే ఆ నర్సుకి మిగిలే దారి సీసాయే. నేను ఆవిడను తప్పుపట్టలేను. మనుషుల్ని పెట్టనివాళ్లని తప్పుపడతాను.

బాబు పుట్టిన రెండో రాత్రి గురించి చెప్పాలి. రెండు దాటింది. వాడు గంటన్నరగా ఏడుస్తున్నాడు. నాకు పాత టెన్షన్ అంతా తిరిగి వచ్చేసింది. బెల్ కొట్టి, ‘సిస్టర్, నాకు పాలు రావు, పాపకీ రాలేదు, సీసా ఇచ్చేయండి’ అన్నాను. ఆవిడ వెళ్లి స్టూల్ తెచ్చుకుని కూర్చుంది. ‘ఇస్తానమ్మా, మీరు కావాలంటే తప్పకుండా ఇస్తాను. ముందు ఒక్క పది నిమిషాలు ఇద్దరం కలిసి చూద్దామా?’ అంది.

మొదట బాబుకి చుట్టిన గుడ్డ విప్పించింది. నా చేతి కింద, నా పక్కకి వాడిని దిండు మీద పెట్టించింది, కుట్లకి తగలకుండా, కాళ్లు నా వీపు వైపుకి. వాడి ముక్కు నా చనుమొనకి ఎదురుగా వచ్చేలా జరపమంది. ‘ఇప్పుడేమీ చెయ్యకండి, వాడు పెద్దగా నోరు తెరిచేదాకా ఆగండి.’ ఆగాం. ఆవలించినంత పెద్దగా తెరవగానే ‘ఇప్పుడు దగ్గరికి’ అంది. గడ్డం ముందు తగిలింది, కింది పెదవి బయటికి విప్పారింది, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు వాడి నోట్లోకి వెళ్లింది. నాకు నొప్పి లేదు. అన్నిటికంటే ముందు అదొక్కటే గుర్తుపట్టాను, నొప్పి లేదు. పాపకి పట్టినప్పుడు చనుమొన చివర మాత్రమే నోట్లో ఉండేది, పళ్లు బిగబట్టి ఓర్చుకునేదాన్ని. నొప్పి అంటే పట్టు తప్పిందని గుర్తు అని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

‘వినండి’ అంది సిస్టర్. నాలుగైదుసార్లు చీకాక చిన్న చప్పుడు, గొంతులో మెత్తగా ‘క్’మని. మింగుతున్నాడు. తర్వాత చేత్తో పిండటం నేర్పింది. ఆవిడ నన్ను ముట్టుకోనే లేదు, తన పిడికిలి మీద చేసి చూపించింది. బొటనవేలు పైన, రెండు వేళ్లు కింద, మొనకి కాస్త వెనకగా, ముందు ఛాతీ వైపుకి నొక్కి అప్పుడు వేళ్లు దగ్గరికి తేవడం. చెంచాలో తేనె రంగు చుక్కలు నాలుగు పడ్డాయి. అవి వాడి పెదవికి అందించమంది. నేను ఏడ్చాను. ఆవిడ దుప్పటి సర్దింది, ఏమీ అనలేదు.

ఆవిడకి ఇది పుట్టుకతో రాలేదు. శిక్షణ ఇచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి కాన్పు వార్డుల సిబ్బంది కోసం 20 గంటల కోర్సు తయారుచేశాయి. అందులో తల్లుల పక్కన కూర్చుని నేర్చుకునే గంటలూ ఉంటాయి. 20 గంటలంటే పని వారంలో సగం. దానికి డబ్బు లేదనే ఆసుపత్రి గోడకి రంగు వేయించడానికి వెతుక్కుంటుంది.

ఇవేవీ నేను కొత్తగా కనిపెట్టినవి కావు. ఆ రెండు సంస్థలూ తల్లులు పాలివ్వగలిగేలా ఆసుపత్రులు పాటించాల్సిన ‘పది మెట్లు’ 1989లోనే ప్రకటించాయి, 1991లో వాటిని పాటించే ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టాయి, 2018లో సవరించాయి. అయినా అదే 2018లో యునిసెఫ్ వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ప్రతి ఐదుగురు పసికందుల్లో ముగ్గురికి మొదటి గంటలో తల్లి రొమ్ము అందడం లేదు.

‘ఇదంతా చేస్తే నిజంగా తేడా ఉంటుందా?’ అని అడిగేవాళ్లకి నేను బెలారస్ దేశం సంగతి చెప్తాను. 1996, 97 సంవత్సరాల్లో అక్కడ 31 కాన్పు ఆసుపత్రులను, వాటికి అనుబంధంగా ఉన్న పిల్లల క్లినిక్కులను చీటీలు తీసినట్టు రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం సిబ్బందికి ఈ పది మెట్ల పద్ధతిలో శిక్షణ ఇచ్చారు, రెండో వర్గాన్ని ఉన్నట్టే ఉంచారు. 17,046 మంది తల్లీబిడ్డల జంటలు. అందరూ పాలివ్వడం మొదలుపెట్టినవాళ్లే. మూడో నెలలో చూస్తే, శిక్షణ ఉన్న చోట బిడ్డకు తమ పాలు మాత్రమే ఇస్తున్నవాళ్లు 43.3 శాతం. పాత పద్ధతి చోట 6.4 శాతం. మొదటి ఏడాదిలో కడుపు ఇన్ఫెక్షన్ వచ్చిన బిడ్డలు శిక్షణ ఉన్న చోట 9.1 శాతం, పాత పద్ధతి చోట 13.2 శాతం. ఒకే దేశం, ఒకే కాలం. ఆ 6.4 శాతం చోట ఉన్న తల్లుల శరీరాల్లో లోపం ఉందని ఎవరైనా అనగలరా? వాళ్లలో ఎంతమంది నాలాగే ‘నాకు పడలేదు’ అని జీవితాంతం అనుకుని ఉంటారో.

ఇంకో చిన్న విషయం, చిన్నది కాదు నిజానికి. మొదటిసారి డిశ్చార్జ్ రోజున ఒక సంచి ఇచ్చారు. అందులో డైపర్లు, క్రీము, ఒక పాలడబ్బా. ఉచితం. ఆసుపత్రి చేత్తో వచ్చిన డబ్బా అంటే డాక్టరు రాసిన మందుతో సమానం ఆ సమయంలో. ఇలా ఉచిత నమూనాలు తల్లుల చేతికి ఇవ్వకూడదనీ, ఆసుపత్రుల్లో వీటిని ప్రచారం చెయ్యకూడదనీ 1981లోనే ప్రపంచ ఆరోగ్య సభ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశం, అంతర్జాతీయ నియమావళి తెచ్చింది. 118 దేశాలు ఔనన్నాయి, ఒక్క అమెరికా కాదంది. అయినా నా సంచిలో డబ్బా ఉంది.

డబ్బాపాలు విషమని నేను అనను. మా పాప వాటితోనే పెరిగింది, చక్కగా పెరిగింది. చక్కెర పడిపోతున్న బిడ్డకి, నీరసించి పాలు అందక ఎండిపోతున్న బిడ్డకి ఇవ్వాల్సిందే, వెంటనే ఇవ్వాలి. అన్నీ సరిగ్గా చేసినా పాలు చాలని తల్లులు కొందరు నిజంగా ఉన్నారు. తమ పాలు ఇవ్వకూడదని తమకు తామే నిర్ణయించుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లని ఎవరూ నిలదీయకూడదు. నా కోపమంతా కారణం రాయకుండా ఇచ్చే సీసా మీద. ఇచ్చేముందు బిడ్డ తాగుతుంటే ఒకసారి కూర్చుని చూశారా? పిండి తీసిన పాలు చెంచాతో పట్టి చూశారా? బరువు తగ్గిందంటారు, పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలే. పైగా తల్లికి సెలైన్ బాగా ఎక్కించి ఉంటే ఆ నీరు బిడ్డలోకీ చేరి పుట్టినప్పటి బరువు ఎక్కువ చూపిస్తుంది, అది మూత్రంగా బయటికి పోవడం కూడా బరువు తగ్గడంగా లెక్కలోకి వస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను ‘ఐసీయూలో ఉంది, తల్లి బయట ఉండాలి’ అని వేరుచేస్తారు. ఘనా, ఇండియా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో 3,211 మంది తక్కువ బరువు బిడ్డల మీద చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద ఉంచి అక్కడే వైద్యం చేసినప్పుడు 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. అంత బలహీనమైన బిడ్డకే తల్లి ఒడి మందుగా పనిచేస్తే, ఆరోగ్యంగా పుట్టిన బిడ్డని నర్సరీకి ఎందుకు పంపడం?

ఇంటికి పంపడం గురించి కూడా ఒక మాట. చాలా ఆసుపత్రులు పాలు పడకముందే, రెండో రోజే పంపేస్తున్నాయి. అసలు కష్టం ఇంటికి వెళ్లాక మొదలవుతుంది. రొమ్ములు రాళ్లలా గట్టిపడతాయి, బిడ్డ పట్టలేకపోతుంది, రాత్రి పదకొండింటికి ఎవరిని అడగాలో తెలియదు. డిశ్చార్జ్ కాగితం మీద ఒక ఫోన్ నంబరు ఉండాలి, అవతల ఎత్తేవాళ్లు ఉండాలి. నాకు రెండోసారి నాలుగో రోజున వాళ్లే ఫోన్ చేశారు. రోజుకి ఎన్ని డైపర్లు తడుస్తున్నాయి, మలం నలుపు పోయి పసుపు రంగుకి మారిందా, నొప్పి ఉందా అని మూడే ప్రశ్నలు అడిగారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

బాబు డిశ్చార్జ్ కాగితాలు కూడా దాచుకున్నాను. వాటితో పాటు వార్డులో నర్సులు నింపిన పాల చార్టు కాపీ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. రెండో రాత్రి వరసలో ఆవిడ గుండ్రటి చేతిరాత ఉంటుంది: ‘2:40. ఎడమ వైపు, 15 నిమిషాలు. పట్టు బావుంది. మింగుడు వినిపించింది. తల్లి సీసా అడిగారు, తర్వాత వద్దన్నారు.’